మా చెరువు నీటిబొట్టును లేసు సూదితో అల్లాను

నీటి ఎలుగుబంటి అనే సూక్ష్మ ప్రాణిని ఊలుతో బొమ్మగా అల్లినప్పుడు, మొదటిదానికి కాళ్లు తప్పు పెట్టాను. లెక్క తప్పలేదు, ఎనిమిదీ ఉన్నాయి. కానీ నాలుగు జతలనీ కిందికే దింపి కుట్టేశాను. బల్ల మీద పెడితే బొద్దుగా కుక్కపిల్లలా నిలబడింది. చూసినవాళ్లంతా ముచ్చటపడ్డారు. నెల తిరక్కుండానే అసలు ప్రాణిని మైక్రోస్కోపులో చూశాను. ఆ రాత్రి కూర్చుని వెనక జత కాళ్లు విప్పేసి మళ్లీ కుట్టాను. అప్పటిదాకా నేను అల్లింది ఎవరో గీసిన బొమ్మని చూసి, ప్రాణిని చూసి కాదు.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం వస్తుంది. మాకు పనిచేసే మైక్రోస్కోపు ఒకటే. పిల్లలు 42 మంది. వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ అర నిమిషం చూపిస్తే, సగం మందికి వాళ్ల కనురెప్పల వెంట్రుకలే కనిపిస్తాయి. అయినా ‘చూశాం టీచర్’ అంటారు, వెనకవాళ్లు తోస్తుంటారు కాబట్టి. పోయినేడాది వానాకాలంలో ఒక అమ్మాయి చూసి పక్కకొచ్చి అడిగింది: “టీచర్, పారమీషియాన్ని పట్టుకుంటే ఎలా ఉంటుంది? గట్టిగా ఉంటుందా, మెత్తగా ఉంటుందా?” పదకొండేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. అది ఒకే కణమున్న ప్రాణి. దాని చెప్పు ఆకారం, ఒంటి మీది వెంట్రుకల్లాంటి శైలికలు, లోపలి నీటిని బయటికి తోసే సంకోచ రిక్తిక అన్నీ బోర్డు మీద గీస్తాను. కానీ చేతికి ఎలా తగులుతుందన్నది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మమ్మ ఇచ్చిన రేకు డబ్బా దించాను.

ఆ డబ్బా గురించి చెప్పాలి. మాది నర్సాపురం దగ్గర పల్లె. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు గోదావరి తీరంలో ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. మా ఇంట్లో మాత్రం దాన్ని చేతిపని అనేవాళ్లు. పువ్వులు అల్లితే చేతిపని, వాటిని కలిపితే అతుకుపని. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక అమ్మమ్మ అరుగు మీద కూర్చునేది. చూపు వీధిలో ఉండేది, వేళ్లు దారంలో ఉండేవి. శనివారం ఏజెంటు వచ్చి పువ్వులు లెక్కపెట్టుకొని పట్టుకెళ్లేవాడు. అవి ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఆవిడకు తెలియదు. నలభై ఏళ్లు అల్లింది, మా ఇంట్లో ఒక్క లేసు గుడ్డ లేదు. మిగిలింది ఆ రేకు డబ్బా, అందులో చివర చిన్న కొక్కెం ఉన్న మూడు ఇనప సూదులు.

గొలుసు వేయడం నాకు ఆరేళ్లప్పుడే వచ్చు. కాబట్టి బొమ్మలు సులువనుకున్నాను. కాదు. లేసులో ఖాళీలే అందం. బొమ్మలో ఖాళీ ఉంటే లోపలి దూది బయటికొస్తుంది. బొమ్మల అల్లికను అమిగురుమి అంటారు, జపాన్ మాట. ‘అమి’ అంటే అల్లిక, ‘నుయిగురుమి’ అంటే దూది కూరిన బొమ్మ. దీనికి లావు ఊలు తీసుకుని, దానికి మామూలుగా వాడే సూదికన్నా సన్నది పట్టుకుని, బిగించి అల్లాలి. నేను నాలుగు పోగుల అక్రిలిక్ ఊలుకు రెండున్నర మిల్లీమీటర్ల సూది వాడాను. మొదటి వారం కుడిచేతి చూపుడువేలు వాచింది.

మొదలంతా వేలికి చుట్టుకున్న ఒక ఉచ్చు, మ్యాజిక్ రింగ్ అంటారు. అందులోకి ఆరు కుట్లు అల్లి కొస లాగితే మధ్యలో చిల్లు మూసుకుపోతుంది. రెండో వరస 12, మూడోది 18, తర్వాత 24, 30, 36. ప్రతి వరసకూ ఆరే ఎందుకు పెంచాలో మా లెక్కల మాస్టారిని అడిగాను. ఆయన నా అల్లికలో ఒక కుట్టు కొలిచి చూసి, “మేడమ్, ఈ కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. అంటే వరస పెరిగినప్పుడల్లా చుట్టుకొలత 2π కుట్లు పెరగాలి, ఆరు చిల్లర. అందుకే ఆరు” అన్నారు. ఆరుకన్నా తక్కువ పెంచితే గిన్నెలా లోపలికి వంగుతుంది, బాగా ఎక్కువ పెంచితే అంచు చీర కుచ్చిళ్లలా ముడతలు పడుతుంది. ఇది తెలిశాక ఇంకెవరి నమూనా చూడాల్సిన పని నాకు లేకపోయింది. ఎక్కడ ఉబ్బాలో అక్కడ పెంచడం, ఎక్కడ సన్నబడాలో అక్కడ తగ్గించడం, అంతే.

దూది విషయంలో ఒక మాట. ఇంట్లో పాత దిండులోని బూరుగు దూది కూరాను మొదట. రెండు రోజుల్లో ఉండలు కట్టి, సన్నటి పోగులు కుట్ల మధ్యలోంచి బయటికొచ్చి అందరికీ తుమ్ములు. తర్వాత పాలియెస్టర్ దూది కొన్నాను. ఆన్‌లైన్లో తెప్పించిన ఆకుపచ్చ ఊలు ఉతికితే రంగు దిగింది. పిల్లలు పట్టుకునే బొమ్మ ఉతక్కుండా కుదరదు. అప్పట్నుంచి ఏ ఊలైనా ముందు ఒక మూర కత్తిరించి, నీళ్లలో నానబెట్టి, తెల్ల గుడ్డ మీద పిండి చూస్తున్నాను.

ఇక నీటి ఎలుగుబంటి. టార్డిగ్రేడ్ అంటారు, మెల్లగా నడిచేది అని అర్థం. 1773లో గోజె అనే జర్మన్ మతబోధకుడు దీన్ని మొదట వర్ణించి, చిన్న నీటి ఎలుగుబంటి అని పిలిచాడు. అర మిల్లీమీటరు పొడవుంటుంది. మా స్కూలు వెనక నీళ్ల ట్యాంకు గోడకు వానాకాలంలో మెత్తగా, ఒత్తుగా నాచు పెరుగుతుంది. అందులో దొరుకుతుందని చదివి, ఒక అరచేతంత ముక్క ఊడదీసి, పళ్లెంలో బోర్లా వేసి, మంచినీళ్లు పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున్నే నాచు పిండి, ఆ నీటిని గ్లాసులో తేరనిచ్చి, అడుగు నుంచి చుక్క తీసి చూడాలి. నాలుగు ఆదివారాలు ఇదే పని. తల దగ్గర చక్రాలు తిరుగుతున్నట్టుండే రోటిఫర్లు కనబడ్డాయి, కొరడాల్లా కొట్టుకునే సన్నటి పురుగులు కనబడ్డాయి. ఎలుగుబంటి లేదు.

ఐదో ఆదివారం ఒక ఇసుక రేణువు పక్కన ఏదో కదిలింది. ఒళ్లంతా గాజులా పారదర్శకంగా ఉంది, కడుపులో మాత్రం పచ్చగా ఉంది, బహుశా తిన్న నాచేమో. ముందు మూడు జతల కాళ్లతో తడుముకుంటోంది. గాజు మీద పట్టు దొరకక కాళ్లు ఊరికే ఆడుతున్నాయి, ముందుకు మాత్రం పోవడం లేదు. ఎలాగో ఇసుక రేణువు దగ్గరికి చేరింది. చేరగానే వెనక జత కాళ్లతో దాన్ని గట్టిగా పట్టుకుంది. ఆ జత కిందికి లేదు, ఒంటి చివర నుంచి వెనక్కి ఉంది. ఆ రెండు కాళ్లతో రేణువును పట్టుకుని, మిగతా ఒళ్లంతా నీళ్లలోకి చాపి, చుట్టూ ఏముందో వెతికింది. కొమ్మకు కాళ్లు చుట్టుకుని పక్కకు వంగి కాయ కోసే మనిషిలా. నేను ఇరవై నిమిషాలు చూశాను, టీ చల్లారిపోయింది.

రెండో ఎలుగుబంటికి వెనక కాళ్లు వెనక్కే కుట్టాను, లోపల సన్నటి ఇనప తీగ పెట్టి. ఇప్పుడది బల్ల మీద నిలబడదు. దేన్నైనా పట్టిస్తేనే నిలుస్తుంది. డస్టరుకు పట్టిస్తే డస్టరు మీద ఉంటుంది, పిల్లల చూపుడువేలుకు పట్టిస్తే వేలి మీద ఉంటుంది. ఒంటి మీద ముడతల కోసం 36 కుట్ల వరసలు నాలుగు అల్లాక ఒక్క వరసలో 30కి దించి, మళ్లీ 36కి ఎక్కించాను. అలా మూడుసార్లు. చంటిపిల్లల తొడల మీద పడే మడతల్లా వచ్చాయి. కాలి చివర గోళ్లు నల్ల ఎంబ్రాయిడరీ దారంతో వేశాను.

కళ్ల గురించి మా స్టాఫ్‌రూమ్‌లో పెద్ద చర్చే జరిగింది. బొమ్మ అన్నాక రెండు కళ్లు, ఒక నవ్వు ఉండాలని మిగతా టీచర్ల మాట. నాకు మనసొప్పలేదు. ఉన్నవాటికే కళ్లు పెడతానని తేల్చుకున్నాను. టార్డిగ్రేడ్లలో చాలా రకాలకు తల దగ్గర రెండు నల్ల చుక్కలుంటాయి, కాబట్టి పెట్టాను. యూగ్లీనా అనే పచ్చటి ఏకకణ జీవికి వెలుతురు ఎటు నుంచి వస్తుందో పసిగట్టడానికి తోడ్పడే ఎర్రటి చుక్క ఒకటుంది, కాబట్టి ఒక ఎర్ర పూస. పారమీషియానికి ఏమీ లేదు. పిల్లలు ఎవరూ దాని మొహం ఏదని అడగలేదు. మెత్తగా, బొద్దుగా, అరచేతిలో పట్టేట్టు ఉంటే చాలు, ముద్దు దానంతటదే వస్తుందని నా నమ్మకం.

పారమీషియం చాలా ఓపిక అడిగింది. శైలికలు వేలల్లో ఉంటాయి. మొదట ఒక్కో కుట్టుకూ ఒక్కో పోగు ముడేశాను. రెండు వందల ముడులయ్యాక చూస్తే ముళ్లపందిలా ఉంది, విప్పేశాను. తర్వాత ఊలుతో అల్లేసి, కుక్కల దువ్వెన కొని, పైనంతా గీరాను. అక్రిలిక్ పోగులు లేచి నూగులా పరుచుకున్నాయి. నోటిగాడి దగ్గర ఇంకో సంగతి జరిగింది. గుర్తుకోసం వరస వరసకీ అదే కుట్టు దగ్గర ఎర్ర దారం పెట్టుకుంటూ నిట్టనిలువుగా గాడి వేద్దామనుకున్నాను. తీరా చూస్తే గాడి ఏటవాలుగా వచ్చింది. చుట్టూ తిరుగుతూ అల్లేటప్పుడు కుట్లు వరసకు కొంచెం పక్కకు జరుగుతూ పోతాయట. విప్పుదామని సూది పెట్టి, ఆగి, పుస్తకం తీశాను. అసలు పారమీషియానికి నోటిగాడి ఏటవాలుగానే ఉంటుంది! ఈదేటప్పుడు అది తిన్నగా పోదు, తన చుట్టూ తాను మెలికలు తిరుగుతూ పోతుంది. ఆ గాడిని అలాగే ఉంచేశాను.

అమీబాకు దూది కూరితే పెసరట్టు పిండి ముద్దలా కదలక పడి ఉంది. సగం మాత్రమే ఆవాలు నింపిన గుడ్డ సంచి లోపల పెట్టాను. ఇప్పుడు ఒక పక్క నొక్కితే ఇంకో పక్క మిథ్యాపాదం, అంటే అమీబా కదలడానికి చాపే కాలులాంటి భాగం, పొడుచుకొస్తుంది. మా తరగతిలో ఎక్కువ నలిగింది అదే.

నాకు దిగులు పుట్టించింది కొలత. పుస్తకంలో అమీబా, బాక్టీరియా, వైరస్ అన్నీ ఒకే పేజీలో ఒకే సైజులో ఉంటాయి. నేనూ అలాగే అల్లితే ఆ తప్పును చేతికి కూడా నేర్పినట్టే. నా ఎలుగుబంటి 15 సెంటీమీటర్లు, అంటే అసలుకన్నా 300 రెట్లు. అదే లెక్కన పావు మిల్లీమీటరు పారమీషియం ఏడున్నర సెంటీమీటర్లు కావాలి. ముందు అల్లిన పెద్దదాన్ని పక్కనపెట్టి మళ్లీ అల్లాను. మరి ఈ.కోలి (E. coli) అనే బాక్టీరియా? దాని పొడవు ఒక మిల్లీమీటరులో ఐదు వందల వంతు. 300 రెట్లు చేసినా 0.6 మిల్లీమీటరే. ఊలుతో ఒక్క కుట్టు కూడా దానికన్నా పెద్దదే. గుండీలు కుట్టే తెల్లదారంతో ఒక ముడి వేసి, నల్ల అట్టముక్క మీద అంటించాను. అదే మా ఈ.కోలి. పిల్లలు ఎలుగుబంటిని ఒక చేత్తో, ఆ అట్టముక్కను ఇంకో చేత్తో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. “దీన్ని తినే వైరస్ కూడా ఉందన్నారుగా టీచర్, అది ఎంత?” అని ఒక అబ్బాయి అడిగాడు. ఆ ముడిలో పదో వంతు అన్నాను. వాడు ముడిని కంటి దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

ఆంటోనీ వాన్ లీవెన్‌హాక్ సంగతి నేను ఏటా చెప్పేదే. ఈసారి మాత్రం వేరుగా చెప్పాను. డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి ఆయన. బట్టల వ్యాపారులు నేత ఎంత ఒత్తుగా ఉందో, పోగు ఎలాంటిదో భూతద్దంతో చూసుకునేవాళ్లు. ఆయన తన చేత్తో ఇంకా మంచి కటకాలు సానబట్టి చెరువు నీళ్లు చూశాడు, మిరియాలు నానిన నీళ్లు చూశాడు. అందులో కదిలే చిన్న ప్రాణుల గురించి 1676లో లండన్ రాయల్ సొసైటీకి పెద్ద ఉత్తరం రాశాడు. దారం చూసే అలవాటున్న కన్నే సూక్ష్మజీవిని చూసిందని చెప్పినప్పుడు, ఇళ్లలో అమ్మలు లేసు అల్లే పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

జబ్బు చేసే క్రిముల్ని ముద్దుగా అల్లకూడదనుకున్నాను. ఒక్కదాన్ని మాత్రం కావాలనే చేశాను, ఎలుక జ్వరం తెచ్చే లెప్టోస్పైరా. గొలుసు వేసి, ప్రతి గొలుసు కుట్టులోకి మూడేసి కుట్లు అల్లితే పట్టీ తనంతట తానే మరమేకులా మెలికలు తిరుగుతుంది. లెప్టోస్పైరా కూడా అలాంటి మెలికే, కొసలు కొక్కెంలా వంగి ఉంటాయి. ప్రశ్న గుర్తులా ఉందని 1907లో స్టిమ్సన్ అనే అమెరికన్ దానికి ఇంటరోగాన్స్ అని పేరు పెట్టాడు. మా పిల్లల్లో చాలామంది నాట్లప్పుడు చేలో దిగుతారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోంచి ఇది కాలి పుండు గుండా ఒంట్లోకి పోతుందని చెప్పి, ఆ ఊలు మెలికను వాళ్ల మడమ పగుళ్ల మీద పెట్టి చూపించాను. దీన్ని చూసి ఎవరూ ముద్దుపెట్టుకోలేదు. నాకు అదే కావాలి.

అన్నిటికన్నా నేను మనసు పెట్టింది వాల్వాక్స్. ఊర చెరువు నుంచి పిల్లలు సీసాలో నీళ్లు తెచ్చారు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పచ్చటి నలకలు దొర్లుతున్నాయి. మైక్రోస్కోపు కింద పెడితే ఒక జాలీ గోళం, దాని కడుపులో ముదురాకుపచ్చ చిన్న గోళాలు. దాని పేరుకు అర్థమే దొర్లేదని. ఊలుతో అల్లితే మామూలు బంతి వచ్చింది, లోపలి పిల్లలు కనబడలేదు. రెండు వారాలు అక్కడే ఆగిపోయాను. సంక్రాంతి సెలవులకు అమ్మమ్మ దగ్గరికెళ్లి ఫోన్లో తీసిన వీడియో చూపించాను.

“ఏంటే ఇది, బంతా?”

“ప్రాణే అమ్మమ్మా. మన చెరువులోనే ఉంటుంది. లోపలున్నవి దాని పిల్లలు.”

ఆవిడ ఫోను దగ్గరికి లాక్కుంది. “కడుపులోవి పైకే కనపడుతున్నాయే!” అంది. కాసేపటికి, “ఊలుతో రాదిది. నా సూది ఇటియ్యి” అంది.

అమ్మమ్మకు 79 ఏళ్లు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక సూది పట్టలేదు. లేతాకుపచ్చ నూలుదారంతో జాలీ మొదలుపెట్టింది, గళ్లు కలిసిన ప్రతిచోటా ఒక చిన్న ముడి. అసలు వాల్వాక్స్‌లోనూ కొన్ని రకాల్లో కణానికీ కణానికీ మధ్య సన్నటి పోగులుంటాయి. అది ఆవిడకు నేను చెప్పలేదు. మూడు రోజుల్లో గోళం అయింది. రబ్బరు బుడగ ఊది, దాని మీద జాలీ తొడిగి, అన్నం వార్చిన గంజి పట్టించి, ఎండలో పెట్టింది. ఆరాక బుడగ పగలగొడితే జాలీ గుండ్రంగా నిలిచింది.

నేను పక్కనే కూర్చుని పిల్ల గోళాలు అల్లాను. ఇలా గుండ్రంగా అల్లేటప్పుడు నా చేతిలో లోపలి వైపు బయటికి వస్తుంది. మూసేముందు చిల్లులోంచి తిరగేయాలి, అప్పుడే ‘V’ అక్షరాల్లాంటి కుట్లు పైకి వస్తాయి. నేను తిరగేస్తుంటే అమ్మమ్మ చూసింది. వాల్వాక్స్ పిల్లలూ ఇంతేనని చెప్పాను. మొదట వాటి కశాభాలు, అంటే ఈదడానికి వాడే కొరడాల్లాంటి పోగులు, లోపలికి తిరిగి ఉంటాయి. అప్పుడు ఈదలేవు. ఒంట్లో ఉన్న చిన్న చిల్లు గుండా, దిండు గలీబు తిరగేసినట్టు, తమను తామే తిరగేసుకుంటాయి. అమ్మమ్మ ఒక పిల్లను అందుకుని తనే తిరగేసి, మళ్లీ తిరగేసింది.

“మరి బయటికి ఎలా వస్తాయి?”

“తల్లి గోళం చిరిగి వస్తాయి. తర్వాత తల్లి ఉండదు.”

ఏమీ అనలేదు. పొద్దున్నే లేచేసరికి జాలీ కింది వైపు ఒక గుండ్రటి నోరు, దానికి ఆకుపచ్చ నాడా ఎక్కించి ఉన్నాయి. “ఇందులోంచి తియ్యి. మళ్లీ ముడేసుకో” అంది. క్లాసులో ఆ నాడా ఎందుకుందో చెప్పాను, అసలు తల్లి ఏమవుతుందో కూడా చెప్పాను.

ఏడు పిల్ల గోళాలు పెట్టాను. ఫిబ్రవరి నాటికి ఆరే ఉన్నాయి. ఏడోది ఎక్కడుందో నాకు తెలుసు. పారమీషియం మెత్తగా ఉంటుందా అని అడిగిన అమ్మాయి జామెట్రీ బాక్సులో ఉంది. నేను అడగలేదు, ఇంకోటి అల్లాను. పోయిన వారం ఊరెళ్తే అమ్మమ్మ గది కిటికీ ఊచకు మరో జాలీ గోళం వేలాడుతోంది, ఖాళీగా, గాలికి తిరుగుతూ. ఎవరికని అడిగాను. ఎవరికీ కాదంది. నేను సంచిలోంచి సూది తీసి, ముదురాకుపచ్చ ఊలుతో మ్యాజిక్ రింగ్ వేసి, ఆరు కుట్లు మొదలుపెట్టాను.